ఇంటీరియర్ డిజైన్‌లో చేరబోతున్నారా? సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు మన ఊళ్లోనే నేర్చుకోవాల్సినవి

ఇంటర్ అయిపోయింది, ఇంటీరియర్ డిజైన్ చేద్దామనుకుంటున్నాను, ఈ సెలవుల్లో ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు అని మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లలు అడుగుతూనే ఉంటారు, అందరికీ కలిపి ఒకేసారి రాద్దామని ఇది. నా మాట ఏంటంటే సాఫ్ట్‌వేర్ కాలేజీలో ఎలాగూ నేర్పుతారు, నేర్పకపోయినా కొన్ని నెలలు కూర్చుంటే వచ్చేస్తుంది. కానీ గది కొలవడం, కొలిచింది కాగితం మీద పెట్టడం, మనిషి ఒంటికి ఎంత జాగా కావాలో తెలుసుకోవడం, వెలుతురూ రంగూ చూడటం, చెక్కా రాయీ చేత్తో పట్టుకుని తేడా చెప్పగలగడం, ఇవి రాకుండా త్రీడీ బొమ్మ ఎంత అందంగా చేసినా సైట్‌లో కార్పెంటర్ అడిగే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. ఇవి నేర్చుకోడానికి వైజాగో హైదరాబాదో వెళ్లక్కర్లేదు, మీ ఇల్లు, మీ ఊరు చాలు.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మనీలో 1919లో బౌహౌస్ అని ఒక డిజైన్ స్కూల్ పెట్టారు, అక్కడ చేరినవాళ్లని నేరుగా వర్క్‌షాప్‌కి పంపేవాళ్లు కాదు, ముందు యోహానెస్ ఇట్టెన్ అనే ఆయన దగ్గర కాగితం, చెక్క, రంగు, ఆకారం ఇవే పట్టుకుని కూర్చోవాలి. ఇప్పుడు డిజైన్ కాలేజీల్లో మొదటి సంవత్సరాన్ని ఫౌండేషన్ అంటున్నారే, అది చాలామటుకు ఆ దారిలో వచ్చిందే. అదే 1919లో మన విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైంది, అక్కడికి వెళ్లి ఎవరూ మొదటిరోజే కీర్తన పాడేస్తాననరు కదా, సరళీ స్వరాలతోనే మొదలుపెడతారు, మనకి కొలతలు, గీతలు అలాగన్నమాట.

సరే, కొనాల్సినవి తక్కువే. ఒక అంచున అంగుళాలు ఇంకో అంచున సెంటీమీటర్లు ఉండే 5 మీటర్ల స్టీల్ టేపు, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, 30 సెంటీమీటర్ల స్కేలు, సెట్‌స్క్వేర్లు, గ్రాఫ్ పుస్తకం ఒకటి, కొంచెం ట్రేసింగ్ పేపర్. డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టర్ లాంటివి కాలేజీవాళ్లు లిస్టు ఇచ్చాక కొనుక్కోండి, ముందే కొంటే డబ్బులు దండగ.

ముందు మీరు పడుకునే గది కొలవండి. స్కేలు లేకుండా చేత్తో గది ఆకారం గీసుకుని, గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒకే వైపుగా చుట్టూ తిరుగుతూ కొలతలు రాసుకోండి. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. గోడ మూల నుంచి కిటికీ దాకా ఒకసారి, కిటికీ వెడల్పు ఒకసారి, కిటికీ నుంచి అవతలి మూల దాకా ఇంకోసారి అలా ముక్కలు ముక్కలుగా కొలవకండి, ఒక్కో ముక్కలో పావంగుళం తేడా వచ్చినా చివరికి మూడూ కలిసి ముప్పావంగుళం అయిపోతుంది. టేపు సున్నా మూలలోనే పెట్టి, అక్కణ్ణించి కిటికీ మొదలు ఎంత, కిటికీ చివర ఎంత, స్విచ్‌బోర్డు ఎంత, అవతలి గోడ ఎంత అని వరసగా ఒకే టేపు మీద చదవండి. ఆ తర్వాత గది ఐమూలగా కొలవండి, రెండు ఐమూలలూ. 12 అడుగులు 10 అడుగుల గది మూలలు సరిగ్గా మూలమట్టంగా, అంటే 90 డిగ్రీలు ఉంటే రెండు ఐమూలలూ 15 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర రావాలి. మన పాత ఇళ్లలో చాలావాటికి రావు, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా వస్తుంది, అంటే గది మూలలు కొంచెం వంకర పోయాయని అర్థం, అలాంటి గదిలో గోడకి ఆనించి వార్డ్‌రోబ్ చేయిస్తే ఒక పక్క సందు పడుతుంది. మేస్త్రీలు పునాది ముగ్గు పోసేటప్పుడు 3, 4, 5 అడుగులు కొలిచి మూల చూస్తారు, లెక్క అదే, మీ వీధిలో ఎవరైనా ఇల్లు మొదలుపెడుతుంటే ఆ రోజు పొద్దున్నే వెళ్లి నిలబడి చూడండి, పైథాగరస్ ఇక జన్మలో మర్చిపోరు.

ఎత్తులు చాలామంది వదిలేస్తారు. నేల నుంచి స్లాబ్ దాకా, కిటికీ కింద గోడ ఎంత ఎత్తు, కిటికీ, తలుపు పైన అడ్డంగా వేసే లింటల్ ఎంత ఎత్తు, బీమ్ ఎంత కిందికి దిగింది, ఫ్యాన్ హుక్ ఎక్కడ, బాత్రూంలో నీళ్లు పోయే తూము ఎక్కడ, ఇవన్నీ రాసుకోవాలి. గోడ మందం గుమ్మం దగ్గర కొలవండి, ఇటుక గోడ అయితే బయటివి 9 అంగుళాలు, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర, దానికి రెండు వైపులా ప్లాస్టరింగ్ మందం కలుస్తుంది. ఇంకోటి, మన దగ్గర కార్పెంటర్ అడుగులు అంగుళాల్లో మాట్లాడతాడు, కాలేజీలో డ్రాయింగ్ మిల్లీమీటర్లలో అడుగుతారు, రెండూ నోటికి రావాలి. అంగుళం 25.4 మిల్లీమీటర్లు, అడుగు 304.8, ఏడడుగుల వార్డ్‌రోబ్ అంటే 2134 అని తడుముకోకుండా వచ్చేదాకా రోజూ ఓ పది లెక్కలు చేసుకోండి.

ఇప్పుడు గీయడం. ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ అనుకుంటారు, కాదు, ఇంటిని నేల నుంచి సుమారు నాలుగు అడుగుల ఎత్తులో అడ్డంగా కోసేసి, పై భాగం తీసేసి కిందికి చూస్తే కనపడేది ప్లాన్. అందుకే కిటికీ అందులో కనిపిస్తుంది, పైన ఉన్న వెంటిలేటర్, అటక కనపడవు, వాటిని చుక్కల గీతతో చూపిస్తాం. 1:50 స్కేల్‌లో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుకి తగ్గించి గీస్తే, ఆ 12 అడుగులు 10 అడుగుల గది కాగితం మీద 73 మిల్లీమీటర్లు, 61 మిల్లీమీటర్లు వస్తుంది. కోసిన గోడల గీతలు మందంగా, మంచం, కుర్చీ లాంటివి సన్నగా, ఈ ఒక్క అలవాటు పడితే మీ డ్రాయింగ్ చూడగానే అర్థమైపోతుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో తప్పకుండా గీయండి.

ప్లాన్ వచ్చాక సెక్షన్ పట్టుకోండి, అంటే ఇంటిని పైనుంచి కిందికి నిలువుగా కోసి పక్కనుంచి చూస్తే కనపడే బొమ్మ, ఇది కష్టం, మొదటి సంవత్సరంలో పిల్లలు భయపడేది దీనికే. మీ ఊళ్లో పాత పెంకుటిల్లు ఉంటే అదే తీసుకోండి. వీధి నుంచి అరుగు ఎంత ఎత్తు, అరుగు నుంచి గుమ్మం, లోపల మండువా ఉంటే అది ఎంత దిగింది, పెంకుల వాలు ఎలా వచ్చింది, అన్నీ ఒకే నిలువు కోతలో గీస్తే ఆ ఇంట్లో వాన నీళ్లు ఎటు పోతాయో గాలి ఎటునుంచి వస్తుందో బొమ్మలోనే కనపడిపోతుంది. తీరం వైపు పల్లెల్లో చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలాయి, గుండ్రంగా మట్టిగోడ, తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, లోపలికి వంగి వెళ్లాలి. తుఫానొస్తే గుండ్రటి గోడ చుట్టూ గాలి జారిపోతుంది, కిందికి దిగిన చూరు వల్ల జల్లు గోడకి కొట్టదు, లోపల చల్లగా ఉంటుంది. దొరికితే ఒకటి కొలిచి గీయండి, నా దృష్టిలో ఫౌండేషన్‌లో ఇంతకంటే మంచి ఎక్సర్‌సైజ్ లేదు. ఇంటివాళ్లని అడిగి, ఎందుకో చెప్పి, వాళ్లు సరే అన్నాకే టేపు తియ్యండి, లోపల ఫోటోలకి విడిగా అడగండి.

తర్వాత మనిషి కొలతలు. పుస్తకాల్లో అంకెలుంటాయి, డైనింగ్ టేబుల్ 750 మిల్లీమీటర్ల ఎత్తు, కుర్చీ సీటు 450, వంటగట్టు 850 ఎత్తు 600 లోతు, వార్డ్‌రోబ్ 600 లోతు. బట్టీ పట్టకండి, ఒక్కోటి ఎందుకో అడగండి. బట్టల హ్యాంగర్ సుమారు 450 ఉంటుంది, చొక్కా భుజాలకీ తలుపు మందానికీ కొంత కావాలి, అందుకే 600. మీ ఇంట్లో అందరి ఎత్తు, నిలబడినప్పుడు మోచేయి ఎత్తు, చెయ్యి పైకెత్తితే ఎంత అందుతుంది, కూర్చుంటే మోకాలు ఎంత ఎత్తు, ఒక పట్టిక రాయండి. వంటగట్టు మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కింద ఉండాలంటారు, అమ్మ మోచేయి 37 అంగుళాల దగ్గరుంటే గట్టు 32 చాలు, పుస్తకంలో 850, అంటే 34 అంగుళాల దగ్గర ఉంది కదా అని కట్టిస్తే రోజూ భుజాలు ఎత్తి పనిచెయ్యాలి. దానికి తోడు గట్టు మీద స్టవ్, స్టవ్ మీద గిన్నె, గరిట తిప్పే ఎత్తు ఎక్కడికి పోయిందో మీరే కొలిచి చూడండి. ఇంకో మాట, పుస్తకాలన్నీ మనిషి నిలబడే వంట చేస్తాడనుకుని రాసినవి, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ కింద కూర్చుని కత్తిపీట మీద కూరలు తరుగుతారు, అలాంటి ఇంటికి వంటగదిలో మూడడుగుల చదరం నేల ఖాళీగా వదిలెయ్యాలి, మాడ్యులర్ కిచెన్ బొమ్మల్లో అది ఎక్కడా కనపడదు, మీరే గుర్తుపెట్టుకోవాలి. చక్రాల కుర్చీ తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రం జాగా కావాలి, తలుపు దారి 900 ఉండాలి, తాతగారో నాన్నమ్మో ఉన్న ఇంటికి ఇది మొదటి రోజే ఆలోచించాల్సిన విషయం.

కాగితం మీద ఎంత గీసినా జాగా ఒంటికి తెలియదు. దానికి మంచి మార్గం, మేడ మీద ముగ్గుపిండితో గదిని అసలు సైజులో గీసెయ్యండి. 5 అడుగులు ఆరున్నర అడుగుల క్వీన్ సైజ్ మంచం, పక్కన రెండడుగుల దారి, వార్డ్‌రోబ్ ముందు మూడడుగులు, తలుపు తిరిగే జాగా, అన్నీ గీసి అందులో నడవండి, బిందె పట్టుకుని నడవండి, ఇద్దరు ఎదురెదురుగా వచ్చి చూడండి. ఎక్కడ ఇరుకైందో మోకాలే చెప్తుంది.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీన్ని పట్టించుకోకుండా లైట్లు పెట్టించేవాళ్లు ఎక్కువైపోయారు. మనం భూమధ్యరేఖకి సుమారు 18 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం. డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి, నేల నుంచి 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ దక్షిణం కిటికీలోంచి గది లోపల దాకా వస్తుంది. జూన్ చివర్లో అయితే నడినెత్తి దాటి ఓ అయిదు డిగ్రీలు ఉత్తరానికి వెళ్తాడు. కాబట్టి దక్షిణం కిటికీకి పైన అడ్డంగా సన్‌షేడ్ ఉంటే సరిపోతుంది, పడమర కిటికీకి సాయంత్రం ఎండ తక్కువ ఎత్తు నుంచి ఏటవాలుగా వస్తుంది, అక్కడ సన్‌షేడ్ ఎంత పెట్టినా లాభం లేదు, నిలువుగా అడ్డుపెట్టే పలకలు గానీ, చెట్టు గానీ, వెదురు తెర గానీ కావాలి. శ్రీకాకుళం పక్కన అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు గుడి గుమ్మాల్లోంచి స్వామి పాదాల మీద పడతాయి, చూడ్డానికి జనం తెల్లవారకముందే వెళ్లి నిలబడతారు. దండం పెట్టుకున్నాక ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ కిరణం ఏ గుమ్మం దాటి ఏ కోణంలో వస్తోందో చూడండి, ఏడాదిలో ఆ రోజులే ఎందుకో ఆలోచించండి, కట్టడానికీ సూర్యుడికీ ఉన్న లెక్క కళ్లముందే ఉంది. ఇంట్లో చేయాల్సింది ఏంటంటే, ఒక కిటికీ ఎంచుకుని నేల మీద పడే ఎండ అంచుని గంట గంటకీ సుద్దముక్కతో గీసి టైమ్ రాయండి, నెలకోరోజు అలా చేస్తే మీ గదికి సూర్యుడి దారి మొత్తం దొరికేస్తుంది.

బల్బుల విషయం త్వరగా చెప్పేస్తా, డబ్బా మీద కెల్విన్ అని ఉంటుంది, 2700, 3000 పసుపు వెలుతురు, 4000 మధ్యస్థం, 6500 తెల్లగా నీలంగా ఉంటుంది. సీఆర్ఐ అని ఇంకో అంకె, అది 90 దగ్గరుంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి, చీరల షాపులో చూసిన రంగు ఇంటికొచ్చాక మారిపోయిందంటే కారణం చాలాసార్లు ఈ లైటే.

రంగులకి మన్సెల్ అనే ఆయన పెట్టిన పద్ధతి మొదట చదవండి, ఏ రంగు, ఎంత లేత ముదురు, ఎంత గాఢం, ఈ మూడింటితో ఏ రంగునైనా చెప్పొచ్చు. చేతిపని ఏంటంటే పోస్టర్ కలర్ తెలుపు, నలుపు కలిపి తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్లు సమానంగా రావాలి, వినడానికి తేలిక, మధ్యలో మెట్లు అస్సలు కుదరవు, కుదిరేదాకా చెయ్యండి. అది వచ్చినవాళ్లకి గదిలో ఏ గోడ ముందుకొస్తుందో ఏది వెనక్కి పోతుందో కంటికే తెలుస్తుంది. తెల్లరంగు అన్నీ ఒకటే అనుకుంటే పొందూరు ఖద్దరు పంచె ఒకటి, మిల్లు పంచె ఒకటి, తెల్ల కాగితం ఒకటి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడండి. గోడకి రంగు ఎంచేటప్పుడు షేడ్ కార్డు చూసి నిర్ణయించకుండా రెండడుగుల చదరం గోడ మీదే వేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటులో మూడుసార్లు చూడాలి.

ఇక నాకు చాలా ఇష్టమైన భాగం, మెటీరియల్స్. ఒక సంచీ పెట్టుకుని ప్లైవుడ్ షాపులో, కార్పెంటర్ దగ్గర పారేసే ముక్కలు అడిగి తెచ్చుకోండి, ఎవరూ కాదనరు. ప్రతి ముక్క మీద పేరు, మందం, ఎక్కడ దొరికిందో రాయండి. ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి, ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ గ్రేడ్, నీళ్లు తగిలేచోటికి, ఐఎస్ఐ మార్కు కింద లైసెన్స్ నంబర్ కూడా ఉందో లేదో చూడాలి. ఇప్పుడు ఒక పరీక్ష చెయ్యండి, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక) ముక్క, మామూలు ప్లై, మెరైన్ ప్లై మూడూ మందం కొలిచి రాసుకుని బకెట్ నీళ్లలో మూడు రోజులు వదిలేసి మళ్లీ కొలవండి. మనది సముద్రపు తేమ, కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుప కీళ్లు తుప్పు పట్టేస్తాయి, అక్కడ కనీసం స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకమైనా అడగాలి, ఏ సింక్ కింద ఏది పెట్టాలో ఆ బకెట్ చెప్పినంత బాగా ఏ లెక్చరూ చెప్పదు.

ప్లై షీటు 8 అడుగులు 4 అడుగులు, అంటే 2440, 1220 మిల్లీమీటర్లు. 1:20లో కాగితం మీద 122, 61 వస్తుంది. మీ వార్డ్‌రోబ్‌కి కావాల్సిన పలకలన్నీ అదే స్కేల్‌లో కత్తిరించి ఆ షీటు బొమ్మలో సర్దండి, ఎన్ని షీట్లు పడతాయో తేలుతుంది. రంపం కోసినప్పుడల్లా కొన్ని మిల్లీమీటర్లు తినేస్తుంది, అందుకే 1220లోంచి రెండు 610 పలకలు రావు, రెండు 600 వస్తాయి. 18 మిల్లీమీటర్ల పలక మధ్యలో ఆసరా లేకుండా మూడడుగులు దాటితే పుస్తకాల బరువుకి వంగుతుంది. ఇవి తెలిసిన డిజైనర్ మాట కార్పెంటర్ వింటాడు.

రాయి కోసం టెక్కలి వైపు వెళ్లండి, అక్కడ క్వారీల నీలి గ్రానైట్ విదేశాలకి పోతుంది. గ్రానైట్ ముక్క, మార్బుల్ ముక్క ఇంటికి తెచ్చి రెండింటి మీదా చింతపండు పులుసు, నిమ్మరసం వేసి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున మార్బుల్ మీద మెరుపు చచ్చిపోయి మచ్చ ఉంటుంది, అది సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది, అందుకే మన వంటింటికి అది పనికిరాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగలోంచి వీణ తొలిచే వాళ్ల దగ్గర ఓ పూట కూర్చోండి, చెక్క నార ఎటు పోతుందో, ఉలి ఏ వైపు పెడితే చీలుతుందో వాళ్ల చేతుల్లో చూడాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పని ఉంది, తలుపు పిడులూ దీపాలూ అంటే ఆన్‌లైన్ కేటలాగే గుర్తుకురాకుండా ఇలాంటివీ మీ సంచీలో చేరాలి.

కరెంటు, ప్లంబింగ్ మొదటి ఏడాదికి పైపైన చాలు. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి 4, ఏసీ, గీజర్లకి 16 యాంపియర్ల సాకెట్, మంచం వెనకాల స్విచ్ ఉండిపోకుండా ఫర్నిచర్ ప్లాన్ అయ్యాకే కరెంటు ప్లాన్ గీయాలి, ఇవి గుర్తుంటే మిగతాది సైట్‌లో ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడితే వస్తుంది. చేసేది మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్లే.

కోర్సుల గురించి కూడా అడుగుతున్నారు. బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఐదేళ్లు, దానికి ప్రవేశ పరీక్షలు నాటా గానీ జేఈఈ పేపర్ 2 గానీ రాయాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. బీడిజైన్ నాలుగేళ్లు, దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఇంటర్‌లో ఏ గ్రూప్ వాళ్లైనా రాయొచ్చు, ఎన్ఐడీలకి, అంటే జాతీయ డిజైన్ సంస్థలకి, వాళ్ల డీఏటీ పరీక్ష విడిగా ఉంటుంది. ఇంటీరియర్ కోర్సు చేసినవాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు, 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆ పేరు రిజిస్టరైన ఆర్కిటెక్టులకే, ఇంట్లో వాళ్లకి ఇది ముందే చెప్పండి. ఏడాది డిప్లొమాలు మన టౌన్లలో కూడా చాలా పెడుతున్నారు, ఫీజు కట్టేముందు క్లాసు జరిగే రోజున వెళ్లి మూడు చూడండి. చెక్క కోసే వర్క్‌షాప్ ఉందా, ముట్టుకుని చూడ్డానికి మెటీరియల్స్ పెట్టారా, రెండో సెమిస్టర్ పిల్లల చేతి డ్రాయింగులు చూపిస్తారా. కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే చూపించి పంపిస్తే అక్కడ డబ్బు కట్టొద్దు. మీరు వెళ్లేటప్పుడు గది కొలతల పుస్తకం, ఎండ గీతల ఫోటోలు, ఆ మెటీరియల్స్ సంచీ పట్టుకెళ్లి సార్‌కి చూపించండి, వాటి గురించి ఆయన మిమ్మల్ని ఏం అడుగుతారో అది వినండి, అసలు ఏమీ అడగకపోతే ఇంకో కాలేజీ వెతుక్కోండి.